శ్రుతి దిగకుండా పాటను నెమ్మదింపజేయడం ఎలా?

ప్రశ్న: మా గురువుగారు పాడి ఇచ్చిన పాఠాలు ఎంపీత్రీ ఫైళ్లుగా నా కంప్యూటర్‌లో ఉన్నాయి. వయొలిన్ సాధన కోసం వాటిని ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదింపజేస్తే, శ్రుతి కూడా దిగిపోయి ఆయన గొంతే గుర్తుపట్టలేకుండా ఉంది. శ్రుతి చెడకుండా వేగం ఒక్కటే తగ్గించవచ్చా? పాత క్యాసెట్ నుంచి ఎక్కించిన మరో ఫైలు హెచ్చు శ్రుతిలో వినిపిస్తోంది, దాన్ని ఎలా సరిచేయాలి?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ రెండు ఫైళ్లకూ కావలసినవి రెండు వేర్వేరు పనులు. మొదటిదానికి మీరు వాడినది బహుశా 'చేంజ్ స్పీడ్' అనే ఆదేశమై ఉంటుంది. కొత్త వెర్షన్లలో దాని పేరు 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్'. అది ధ్వని తరంగాన్ని ఉన్నదున్నట్టుగా సాగదీస్తుంది కనుక, వేగాన్ని సగానికి తగ్గిస్తే మధ్యస్థాయి షడ్జం మంద్రస్థాయి షడ్జమై కూర్చుంటుంది. మీకు కావలసినది ఎఫెక్ట్ మెనూలోనే ఉండే 'చేంజ్ టెంపో'. ఇది ధ్వనిని సెకనులో వందోవంతుల్లో కొలవదగిన చిన్న ముక్కలుగా చేసి, ఒకదాని అంచు మీద మరొకటి పరుస్తూ అతుకుతుంది. పాట నిడివి పెరిగినా ప్రతి ముక్కలోని శ్రుతి అలాగే నిలుస్తుంది. అక్కడున్న 'హై క్వాలిటీ స్ట్రెచింగ్' గడిలో టిక్కు పెడితే పని ఆలస్యమవుతుంది గానీ గొంతు నున్నగా వస్తుంది.

శాతాల విషయంలో చాలామంది పొరబడతారు. టెంపోను 25 శాతం తగ్గిస్తే 6 నిమిషాల కీర్తన ఏడున్నర నిమిషాలు కాదు, 8 నిమిషాలవుతుంది. అంతకు మించి తగ్గించకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే దీర్ఘంగా సాగే గాత్రం అతుకులను దాచుకున్నంత సులువుగా మృదంగం దెబ్బ దాచుకోలేదు. ఒకే దెబ్బ రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. పైగా తోడి రాగంలో గాంధారం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఊగుతుందో కనిపెట్టడానికి ఈ సాగదీత బాగా ఉపకరిస్తుంది గానీ, విద్వాంసులు విళంబకాలంలో (నెమ్మది నడకలో) పాడేటప్పుడు గమకాన్ని, అంటే స్వరపు ఊపును, ఇలా సమానంగా సాగదీయరు. కనుక దాన్ని విని స్వరం తెలుసుకోండి, వాయించడం మాత్రం అసలు వేగంలో విని నేర్చుకోండి.

కేవలం వినడానికైతే ఫైలును మార్చనక్కరలేదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ప్లేబ్యాక్ మెనూలోని 'స్పీడ్' ద్వారా వేగం తగ్గించినా శ్రుతి మారదు. విండోస్‌లో ఎడమ చదరపు బ్రాకెట్ కీ నొక్కినకొద్దీ వేగం కొంచెం కొంచెంగా తగ్గుతుంది, కుడిది నొక్కితే పెరుగుతుంది, సమాన చిహ్నం నొక్కితే మామూలు వేగానికి వస్తుంది. ఒకే సంగతిని పదే పదే వినాలంటే అందులోనే ఏ-బీ లూప్ సౌకర్యం ఉంది.

ఇక క్యాసెట్ సంగతి. రికార్డు చేసిన యంత్రం నెమ్మదిగా తిరిగినా, ఎక్కించిన యంత్రం వేగంగా తిరిగినా పాటలో వేగమూ శ్రుతీ కలిసే పెరుగుతాయి. కాబట్టి ఇక్కడ మాత్రం మీరు మొదట తప్పుగా వాడిన 'చేంజ్ స్పీడే' సరైన మందు. పన్నెండు స్వరస్థానాల్లో ఒక్కొక్కదానికీ మధ్య తేడా దాదాపు 6 శాతం. ఐదు శ్రుతిలో పాడారని మీకు రూఢిగా తెలిసిన కచేరీ ఒక స్వరస్థానం పైన, అంటే ఐదున్నరలో, వినిపిస్తుంటే, వేగాన్ని 5.6 శాతం తగ్గించి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకొని తంబూరా నాదంతో సరిచూసి, మిగిలిన వెంట్రుకవాసి తేడాను చెవితోనే సవరించండి. పాడినవారి శ్రుతి తెలియకపోతే, అదే విద్వాంసులవి నమ్మదగిన రికార్డింగులు మరో రెండు విని పోల్చుకోవాలి.

అసలు ఫైలును కదపకుండా, మార్చినదాన్ని వేరే పేరుతో భద్రపరచండి. మళ్లీ మార్పులు చేయవలసి రావచ్చు అనుకుంటే వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో దాచండి, ఎందుకంటే ఎంపీత్రీగా తిరిగి భద్రపరిచిన ప్రతిసారీ ధ్వనిలో కొంత పోతుంది.