పైరాక్స్‌మాంగైట్ అని రెట్టింపు ధర అడిగితే ముందు కాటా తీయండి

అడిగిన ప్రశ్న ఇది: "బెంగళూరు చిక్‌పేటలో గులాబీ రంగు రాయి చూపించి, ఇది మామూలు రోడోనైట్ కాదు, అరుదైన పైరాక్స్‌మాంగైట్ అని రెట్టింపు ధర చెబుతున్నారు. నమ్మొచ్చా?"

ల్యాబ్ రిపోర్టు కాగితం లేకుండా నమ్మొద్దు. అది నిజంగా పైరాక్స్‌మాంగైటే అయ్యుండొచ్చు, కానీ కంటితో చూసి ఆ మాట చెప్పడం ఎవరి తరమూ కాదు. రెండూ మాంగనీస్ సిలికేట్లే (మాంగనీస్, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజాలు), రెండింటి గులాబీ రంగూ మాంగనీస్ వల్ల వచ్చిందే. సిలికేట్ గొలుసు అమరిక రోడోనైట్‌లో ఐదు టెట్రాహెడ్రాలకు (సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న ముక్కలకు) ఒకసారి, పైరాక్స్‌మాంగైట్‌లో ఏడింటికి ఒకసారి తిరిగి వస్తుంది. అసలు తేడా అక్కడుంది. వక్రీభవన గుణకాలు (కాంతిని ఎంత వంచుతాయన్న అంకెలు), సాంద్రతలు రెండింటికీ కలిసిపోతాయి, వాటితో విడదీయలేం. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ గానీ రామన్ గానీ (ఖనిజం లోపలి నిర్మాణాన్ని గుర్తించే ల్యాబ్ పరీక్షలు) చేసిన రిపోర్టు ఉంటేనే పైరాక్స్‌మాంగైట్ ధర ఇవ్వండి. "నేచురల్ స్టోన్" అని అచ్చేసిన కార్డు రిపోర్టు కాదు. హృదయ చక్రం, ప్రేమ రాయి అంటూ చెప్పే మాటలకు అసలు వెల కట్టకండి. ఆ కబుర్ల మధ్య రంగేసిన క్వార్ట్జ్ సులువుగా అమ్ముడుపోతోంది, నా బాధ అదే.

క్వార్ట్జ్‌ను ఇంట్లోనే పట్టేయొచ్చు. 0.01 గ్రాము చూపే డిజిటల్ కాటా చాలు. రాయిని పొడిగా తూచి బరువు రాసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లు ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గ్లాసును కాటా మీద పెట్టి టేర్ (అంకెను సున్నా చేసే బటన్) నొక్కండి. కాటాకు రెండు పక్కలా పుస్తకాలు పేర్చి, పైన అడ్డంగా ఒక పుల్ల పెట్టి, సన్నటి నైలాన్ దారంతో రాయిని నీళ్లలోకి వేలాడదీయండి. పూర్తిగా మునగాలి, అడుగుకూ అంచుకూ తగలకూడదు. ఇప్పుడు కాటా చూపేది రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగించండి. 18.20 గ్రాముల రాయికి 5.05 వస్తే సాంద్రత 3.60, అంటే రోడోనైట్ లెక్క. అదే బరువుకు 6.87 వస్తే 2.65, అది క్వార్ట్జే.

గాలి బుడగ అంటుకున్నా, రాయి అడుగుకు తగిలినా నీటి అంకె పెరిగి సాంద్రత తక్కువగా కనిపిస్తుంది. అందుకే తక్కువ వస్తే ఇంకోసారి చేయండి. పూస అయితే రంధ్రంలో గాలి నిలుస్తుంది, నీళ్లలోనే సూదితో పొడిచి వదిలించాలి. ఒక గ్రాము రాయికి ఈ పద్ధతి పనికిరాదు, కాటాలో 0.01 తేడా వచ్చినా ఫలితం మూడు శాతానికి పైగా మారిపోతుంది. రోడోనైట్‌లో క్వార్ట్జ్ కలిసి ఉంటే 3.3, 3.4 రావచ్చు, అంతమాత్రాన నకిలీ అనకండి.

రోడోక్రోసైట్ అనే ఇంకో గులాబీ మాంగనీస్ రాయి మాత్రం ఈ తూకానికి దొరకదు, దాని సాంద్రతా దాదాపు ఇంతే. అది కార్బొనేట్, మోస్ కొలమానంలో (1 మెత్తన, 10 వజ్రం) కాఠిన్యం 3.5–4, చాకు మొనతో వెనకవైపు గీస్తే తేలిగ్గా గీత పడుతుంది. రోడోనైట్ 5.5–6.5, చాకుకు అంత తేలిగ్గా లొంగదు. నల్ల చారల మీద గీయొద్దు, అవి మాంగనీస్ ఆక్సైడ్లు, మెత్తగా ఉండొచ్చు. మన గరివిడి వైపు గనుల నల్ల ఖనిజం చూసినవాళ్లకు ఆ నలుపు తెలుసు. సిలికేట్‌లోని మాంగనీస్ గాలికీ నీటికీ ఆక్సీకరణ చెంది అలా మారుతుంది. ఆ చారలున్నాయని ధర తగ్గించమంటే న్యాయమే గానీ, నకిలీ అనడం తప్పు.

కొన్నాక ఉంగరానికి కాకుండా లాకెట్‌కు వాడండి. ఈ రెండు ఖనిజాలకూ రెండు దిశల్లో సులువుగా చీలే గుణం ఉంది, దెబ్బ తగిలితే పగుళ్లిస్తాయి. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేయనివ్వకండి. కంసాలి టంకం పెట్టే ముందు రాయిని తప్పనిసరిగా బయటికి తీయించండి.