షోలో విన్న పాట యాప్‌లో దొరకనప్పుడు

"బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక చిన్న షోకి వెళ్లాను. తెలుగులో తనే పాటలు కట్టుకుని గిటార్ మీద పాడే ఒకాయన బాగా నచ్చాడు. ఆల్బమ్ ఉందన్నాడు. పాట విని పేరు చెప్పే షాజామ్ యాప్ పట్టుకోలేదు, పాటల యాప్‌లో వెతికితే రాలేదు. ఎలా?" అని ఒకరు అడిగారు.

షాజామ్ పట్టుకోదు. అది ట్యూన్‌ని గుర్తుపట్టే యాప్ కాదు. రికార్డయిన ట్రాక్‌లో ఏ క్షణాన ఏ స్వరస్థాయి గట్టిగా పలికిందో ఆ ముద్రను పోల్చి చూస్తుంది, అంతే. స్టేజీ మీద వేగం కాస్త మారినా, కేపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకి బిగించే క్లిప్పు) ఒక మెట్టు జరిగినా ఆ ముద్ర కలవదు.

యాప్‌లో రాకపోవడానికి కారణం చాలాసార్లు స్పెల్లింగే. మన పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కిస్తారు. ‘జ్ఞాపకం’ అనే మాటను ఒకరు జీ-ఎన్‌తో, ఒకరు జే-ఎన్‌తో, ఇంకొకరు జీ-వైతో మొదలుపెడతారు. ‘వాన’కి వీ నా, డబ్ల్యూ నా, ఏ ఒకటా రెండా? అన్ని రకాలుగానూ కొట్టి చూడండి, ఆ తర్వాత తెలుగు లిపిలో కూడా. దొరికితే క్రెడిట్స్ తెరిచి రాసినవారి పేరు చూడండి. ఒకే పేరున్న ఇద్దరి పాటలు ఒకే పేజీలో కలిసిపోవడం మామూలే. వీటన్నిటికన్నా దగ్గరి దారి, షో జరిగిన చోటువాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టర్. అందులో ట్యాగ్ చేసిన ఖాతాకి వెళితే ఆల్బమ్ లింకు చాలాసార్లు బయోలోనే ఉంటుంది.

అసలు ఈ వెతుకులాటంతా షో అయిన పది నిమిషాల్లో తేలిపోయేది. చప్పట్లు ఆగకముందే సగం జనం క్యాబ్ కోసం ఫోన్లు తీస్తారు. పాడినాయన వంగి కేబుళ్లు చుట్టుకుంటూ ఉంటాడు. మైకు స్టాండు పక్కన నేలకి టేపుతో అంటించిన సెట్‌లిస్ట్, అంటే ఆ రోజు పాడే పాటల వరుస రాసుకున్న కాగితం ఇంకా అలాగే ఉంటుంది. అప్పుడు వెళ్లాలి. "రెండో పాట పేరేంటండీ, ఆల్బమ్‌లో ఉందా?" అని అడిగి, ఆ కాగితాన్ని ఫొటో తీసుకోవాలి. ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, ఎందుకంటే స్టేజీ మీద బాగా పట్టేసే పాట చాలాసార్లు ఇంకా రికార్డే కాని కొత్త పాట.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, దయచేసి పాట నడుస్తుండగా మాట్లాడకండి. ఒక్క గొంతు, ఒక్క గిటార్ ఉన్నచోట పక్క టేబుల్ కబుర్లు చరణాన్ని మింగేస్తాయి. సౌండ్ చూసేవాళ్లు మైకు పెంచితే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకే దూరి కీచుమంటుంది. వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

దొరికాక కొనండి. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 ప్లేలు లేని ట్రాక్‌కి రికార్డింగ్ రాయల్టీ రాదు. ఇలాంటివాళ్ల పాటలు ఎక్కువగా ఆ గీత కిందే ఉండిపోతాయి. పాడేవాళ్లు నేరుగా పాటలు అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది, అది న్యాయమే. కానీ అక్కడ పాడినవాళ్లకి డబ్బు చేరేది పేపాల్ ద్వారా, ఆ పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది. అందుకని ఇక్కడివాళ్లు ఇక్కడివాళ్లకే కట్టబోతే డబ్బు వెళ్లకపోవచ్చు. అలాంటప్పుడు మెసేజ్ పెట్టి, యూపీఐలో పంపి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు అడగండి.

ఆల్బమ్ వినగానే "ఇది ఆ రోజు విన్నది కాదే" అనిపిస్తుంది. షోలో గిటార్ శబ్దం బ్రిడ్జి దగ్గర తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే పికప్ నుంచి వస్తుంది, కాస్త గరుకుగా ఉంటుంది. స్టూడియోలో పన్నెండో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) ఎదుట జానెడు దూరంలో మైకు పెడతారు, చెక్క పలుకు కూడా వినిపిస్తుంది. పైగా సౌండ్ తగ్గితే మన చెవికి బేస్ ముందుగా తగ్గిపోతుంది. కాబట్టి మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో వద్దు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, షఫుల్, ఒక పాట చివర్లో ఇంకో పాటని కలిపేసే క్రాస్‌ఫేడ్ రెండూ ఆపేసి, ఆయన పేర్చిన వరుసలోనే వినండి. అప్పటికీ ఆ రాత్రి విన్నదే కావాలనిపిస్తే, సౌండ్ మిక్సర్ నుంచి తీసిన రికార్డింగ్ ఏమైనా ఉందా అని ఆయన్నే అడగండి. చాలామంది తమ షోలు అలా దాచుకుంటారు.