మాధవరం వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిందమ్మా. అమ్మమ్మగారి ఊరు మిలిటరీ మాధవరంలో మిగిలిన పాత సైనికుల జ్ఞాపకాలు సేకరించి పుస్తకం వేయాలనుకుంటున్నానని రాశావు. చదవగానే సంతోషం కలిగింది. ఆ వెనకే కంగారు కూడా. ముందు ఆ కంగారు సంగతే చెబుతాను.

1971 యుద్ధం నాటికి ఇరవై ఏళ్ళున్న జవానుకి ఇప్పుడు డెబ్బై అయిదుకు చేరువ. 1965లో పంజాబు సరిహద్దులో ఉన్నవాళ్ళు ఎనభై దాటారు. 1962 చలికాలాన్ని హిమాలయాల్లో చూసినవాళ్ళు అంతకంటే పెద్దవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాకు వెళ్ళినవారు ఇంకా ఎవరైనా ఉంటే వందేళ్ళకు అటూ ఇటూగా ఉంటారు. నువ్వేమో అధ్యాయాల విభజన గురించి, ముందుమాట ఎవరిచేత రాయించాలన్న దాని గురించి రెండు పేజీలు రాశావు. అవన్నీ పక్కన పెట్టు. ఊళ్ళో అందరికంటే పెద్దాయన ఎవరో కనుక్కుని, ముందు ఆయన అరుగు మీద కూర్చో.

తాడేపల్లిగూడెం పక్కనున్న ఆ ఊరి గురించి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని, ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఎవరో ఒకరు సైన్యంలో ఉన్నారని రాస్తారు. పక్కన స్మారకం ఫొటో వేస్తారు. ఊరి గర్వం న్యాయమైనదే, నేను కాదనను. కానీ ఆ వెయ్యి మందిలో ఒక్క మనిషి అయినా మనకు తెలుసా? ఏ స్టేషనులో రైలెక్కాడు, ఇంట్లో ఏమని చెప్పి బయలుదేరాడు, తిరిగొచ్చాక పొలం పనిలో మనసు నిలిచిందా? ఈ ప్రశ్నలకు ఆ వార్తల్లో జవాబు దొరకదు. వీరుల కథ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కథ కింద ఉండిపోయిన మనిషిని రాయడానికి నువ్వు వెళ్తున్నావని గుర్తు పెట్టుకో.

మాజీ సైనికుల్లో చాలామందికి సిద్ధంగా ఉన్న ప్రసంగం ఒకటి ఉంటుంది. ఆగస్టు 15కీ, జనవరి 26కీ బడిలో పిల్లల ముందు చెప్పీ చెప్పీ నునుపు తేలిన ప్రసంగం అది. మొదటి రోజు నీకూ అదే చెబుతారు. గౌరవంగా పూర్తిగా విను, మధ్యలో ఆపకు. అసలు పని రెండో రోజు మొదలవుతుంది. యుద్ధంలో మీరేం చేశారని అడిగితే మళ్ళీ ఆ ప్రసంగమే వస్తుంది. అందుకని చేసిన పని గురించి అడుగు. తెల్లవారి లేచాక మొదట ఏం చేసేవారు? నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి? గోదావరి అన్నానికి అలవాటు పడినవారికి రొట్టెలు ఎన్నాళ్ళకు సహించాయి? హిందీ ఎవరు నేర్పారు? బూట్లు తడిస్తే ఎక్కడ ఆరబెట్టేవారు? ఇలాంటివి అడిగినప్పుడు మనిషి కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతాయి. నేను విన్న పెద్దల్లో ఎక్కువమంది నోరు విప్పింది తుపాకి గురించి కాదు, కాపలా కాసిన రాత్రి గురించి, పక్కన పడుకున్న నేస్తం గురించి.

తుపాకి పట్టినవారితోనే ఆగిపోకు. వంటవాడు, డ్రైవరు, వైర్‌లెస్ సెట్టు మోసినవాడు, గాయాలు కట్టిన నర్సింగ్ అసిస్టెంటు, వీళ్ళను ఎవరూ పిలిచి మాట్లాడించరు. 'నాదేముందమ్మా, వంట చేశాను' అని తప్పుకోబోతారు. వదలకు. శత్రువుల విమానాలు తిరుగుతున్నప్పుడు పొయ్యి పొగ కనబడకుండా ఎలా వండాడో ఆ వంటవాడే చెప్పాలి. విశాఖ సంగతి చూడు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ తీరం దగ్గర మునిగిపోయింది. బీచిలో విజయ స్మారకం కట్టారు, మంచిదే. సముద్రంలో తేలిన వస్తువులను తెచ్చి నౌకాదళానికి చూపించింది మాత్రం జాలర్లు. వాళ్ళూ ఆ యుద్ధానికి సాక్షులే.

ఇక ఆడవాళ్ళు. నువ్వు ఆడపిల్లవి కాబట్టి నిన్ను వంటింటి దాకా రానిస్తారు, నాలాంటివాడికి ఆ అవకాశం ఉండేది కాదు. సైనికుడికి రాసే ఉత్తరం మీద నంబరు, పేరు, యూనిట్, కింద 56 ఏ.పి.ఓ. (సైనిక తపాలా కార్యాలయం నంబరు) అని మాత్రమే ఉండేది. మనిషి లద్దాఖ్‌లో ఉన్నాడో రాజస్థాన్ ఎడారిలో ఉన్నాడో ఇంటావిడకు తెలిసేది కాదు. ఆమె తన యుద్ధాన్ని మనియార్డరుతో కొలుచుకుంది. అది రాని నెల ఎలా గడిచింది? రేడియోలో ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేవేళకు ఎవరింటి ముందు చేరేవారు? టెలిగ్రాం పట్టుకుని పోస్టుమాన్ వీధిలోకి వస్తే ఎవరు తలుపులు వేసుకున్నారు, ఎవరు ఎదురు వెళ్ళారు? చదువు రానివాళ్ళు ఆ ఉత్తరాలు ఎవరిచేత చదివించుకున్నారు, భర్తకు చెప్పాల్సిన మాట ఇంకొకరి చేత రాయించడానికి ఎంత సిగ్గుపడ్డారు? భర్త ఎదుట ఆమెను అడిగితే ఆయనే జవాబు చెబుతాడు. విడిగా కూర్చోబెట్టి అడుగు. నీ పుస్తకంలో సగం ఆమెది కావాలని నా కోరిక.

ట్రంకు పెట్టె తీయించు. డిశ్చార్జి బుక్కులో చేరిన తేదీ, పనిచేసిన యూనిట్ దొరుకుతాయి. పతకాలను ఊరికే అలంకారంగా చూడకు. 1971 నాటి పూర్వీ స్టార్ ఉంటే ఆయన తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి వైపు ఉన్నారని అర్థం. సమర సేవా స్టార్ 1965ది. యూనిట్ గ్రూపు ఫొటో కనబడితే ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క ముఖం మీద వేలు పెట్టించి పేర్లు చెప్పించు, ఆ మాటలు రికార్డు చెయ్యి. ఆ పేర్లు మరెక్కడా ఉండకపోవచ్చు. ఏ కాగితమూ ఇంటికి తెచ్చుకోవద్దు. అక్కడే, వెలుతురులో ఫొటో తీసుకుని వాళ్ళ చేతికే తిరిగి ఇచ్చెయ్యి.

తేదీలు తప్పుతాయని భయపడుతున్నావు. తప్పుతాయి. 1965నీ 1971నీ కలిపి చెప్పేవాళ్ళుంటారు, తర్వాత పేపర్లో చదివినదాన్ని తాము చూసినట్టు చెప్పేవాళ్ళూ ఉంటారు. ఎదుట దిద్దకు. నీ నోటుబుక్కులో పక్కన గుర్తు పెట్టుకుని, తర్వాత సరిచూడు. కానీ పొరపాటని తేల్చే ముందు ఆలోచించు. ఢాకాలో లొంగుబాటు 1971 డిసెంబరు 16న జరిగింది. ఒకాయన 'మా యుద్ధం 73 దాకా సాగింది' అంటే మతిమరుపు అనుకుంటావు. దాదాపు 93 వేల మంది పాకిస్తాన్ బందీలను మన శిబిరాల్లో ఉంచారు, వాళ్ళను తిప్పి పంపడం 1974లో గాని పూర్తి కాలేదు. ఆ శిబిరానికి కాపలా కాసిన జవానుకి యుద్ధం ఎప్పుడు ముగిసినట్టు? ఆయన లెక్క ఆయనకు సరైనదే. ఆ మాట అలాగే రాసి, అసలు తేదీ కింద వివరణలో ఇవ్వు.

నువ్వు కలవాలనుకున్నవాళ్ళ జాబితాలో శ్రీలంక వెళ్ళినవాళ్ళు లేరు. అది నాకు బాధ కలిగించింది. 1987లో శాంతి కాపాడటానికని వెళ్ళి, అక్టోబరు నాటికి తమిళ పులులతో యుద్ధంలో చిక్కుకున్న మన సైన్యం అది. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది లేరు. తిరిగొచ్చినవాళ్ళకు ఊరేగింపులు జరగలేదు, బడుల్లో ప్రసంగాలూ లేవు. ఇప్పుడు వాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన కథ వాళ్ళ దగ్గర లేదు కాబట్టి మాట తడబడుతుంది, ఓపిక పట్టు.

రెండు ప్రపంచ యుద్ధాల నుంచి తిరిగి రానివాళ్ళ కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఆ యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) జాబితాలు చూడు, ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతకవచ్చు. రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద సమాధి దొరకని దాదాపు 27 వేల మంది పేర్లున్నాయి. భారతీయ సైనికుల వివరాల్లో చాలాచోట్ల తండ్రి పేరో భార్య పేరో, ఊరో జిల్లానో ఉంటాయి. గుమాస్తా చెవికి తోచిన అక్షరక్రమంలో రాశారు కాబట్టి గోదావరిని, ఊరి పేరును నాలుగైదు రకాలుగా వెతుకు. దొరికిన పేరును మాధవరంలో ఆ ఇంటివాళ్ళకు చూపించు. చాలా కుటుంబాలకు ఇలాంటి జాబితా ఒకటుందని కూడా తెలియదు.

రికార్డింగు గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. ఫ్యాను ఆపించు, ఫోనుకి కాల్స్ రాకుండా చూసుకో, ఒక పూట గంట మించి కూర్చోబెట్టకు. అసలు ఫైలును ఎప్పుడూ కత్తిరించవద్దు, రెండు చోట్ల దాచు. రాసేటప్పుడు ఆయన మాటను పుస్తకాల భాషలోకి మార్చకు. 'సాబ్ చెప్పాడు, మేం నడిచాం' అని ఆయన అంటే అలాగే ఉండనివ్వు.

ఒక చోట ఆయన ఆగిపోతారు. చనిపోయిన స్నేహితుడి దగ్గరో, తన చేతిలో పోయిన మనిషి దగ్గరో. అప్పుడు నువ్వు అడగాల్సింది ఏమీ లేదు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చో. ఆ రోజు చెప్పకపోతే వద్దు, ఎప్పటికీ చెప్పకపోయినా ఆయన ఇష్టం. చెప్పి, రాయొద్దంటే రాయకు. అచ్చుకి పోయేముందు ప్రతి పేజీ ఆయనకు చదివి వినిపించు, కొట్టెయ్యమన్న వాక్యాన్ని వాదించకుండా కొట్టెయ్యి. ఆ వాక్యం ఎంత బాగున్నా సరే.

వచ్చే వారమే బయలుదేరు. మొదటి గంట మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పెట్టి, ఏమీ దిద్దకుండా నాకు పంపు. ఎక్కడ నువ్వు తొందరపడి ప్రశ్న వేశావో, ఎక్కడ ఆయన చెప్పబోయి మానేశారో గుర్తులు పెట్టి పంపుతాను.

నీ మేలు కోరే
మీ మాస్టారు