పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బ్యాచ్ నిధి, బ్యాచ్ కబుర్లు

ప్రశ్న: అయ్యా, మేము 1983–86 మధ్య గుంటూరులోని ఒక కళాశాలలో బీఎస్సీ చదువుకున్నాం. నలభై ఏళ్లు నిండిన సందర్భంగా అందరం కలుసుకోవాలని నిర్ణయించుకున్నాం. వాట్సాప్ గ్రూపులో అరవై ఇద్దరం చేరాం, కళాశాలకు ఏదైనా చేయాలని ఇప్పటికి ఎనిమిది లక్షల రూపాయలు పోగుచేశాం. ప్రధాన ద్వారం దగ్గర మా బ్యాచ్ పేరుతో ఆర్చి కట్టిద్దామని కొందరు, పేద పిల్లల చదువుకు ఇద్దామని మరికొందరు అంటున్నారు. అమెరికాలోని ఇద్దరు మిత్రులు చెరి రెండు లక్షలు పంపుతామంటున్నారు, ఆ సొమ్ము ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. ఇంకొక బాధ కూడా ఉంది. ఎవరు ఏ పదవిలో రిటైరయ్యారు, ఎవరి పిల్లలు ఏ దేశంలో ఉన్నారు అన్న ముచ్చట్లు గ్రూపులో మొదలయ్యాక, బ్రాడీపేటలో టిఫిన్ సెంటరు నడుపుకొనే మా మిత్రుడు చడీచప్పుడు లేకుండా గ్రూపు నుంచి తప్పుకున్నాడు. ఏం చేయమంటారు?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: మీరు ఉత్తరం చివర రాసిన విషయం నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ మిత్రుడు తిరిగి రాకుండా జరిగే కలయిక మీకే వెలితిగా ఉంటుంది. ఆయనకు గ్రూపులో సందేశం పెట్టవద్దు, ఫోను కూడా చేయవద్దు. మీరూ మరొక మిత్రుడూ కలిసి ఒక ఉదయం ఆయన టిఫిన్ సెంటరుకు వెళ్లి, రద్దీ తగ్గేవరకు కూర్చుని, ఆయన చేతి ఇడ్లీ తిని, కలయిక ఏర్పాట్లలో ఏ పని చూసుకుంటాడో అడగండి. సలహా అడిగితే మనిషి దగ్గరవుతాడు, జాలి చూపిస్తే ఇంకా దూరమవుతాడు. ఇక కబుర్ల సంగతి. బ్యాచ్ సంచిక వేసే ఆలోచన ఉంటే, పదవి, జీతం, పిల్లల దేశం అన్న మూడు గళ్లతో కాగితం పంచకండి. ‘ఈ నలభై ఏళ్లలో మీరు చేసిన పనుల్లో మీకు తృప్తినిచ్చినది ఏది?’ అన్న ఒక్క ప్రశ్న అందరికీ పంపండి. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపినవారికీ, జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారికీ, తహసీల్దారుగా రిటైరైనవారికీ, అత్తమామలను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్న గృహిణికీ ఆ ప్రశ్నకు చెప్పుకోదగిన జవాబు ఉంటుంది. కాలం చేసిన సహాధ్యాయుల పేర్లు మొదటి పుటలో వేయండి, వారి కుటుంబాలకు ఒక ప్రతి పంపండి.

ఆర్చి గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: వద్దు. దాతల పేరు నిలవడం తప్పని నేను అనడం లేదు. విజయవాడలో 1937లో ఏర్పడిన ఎస్సారార్ అండ్ సీవీఆర్ కళాశాల పేరులోని పొడి అక్షరాలు దాతల పేర్లే. అయితే ఆ పేర్ల వెనుక తరాల పిల్లలకు చదువు దొరికింది. ఆర్చి వల్ల ఏ విద్యార్థికీ ఏదీ దొరకదు. మా బ్యాచ్ చేసిన పొరపాటు కూడా చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మేము చదివిన కళాశాలకు నీటి శుద్ధి యంత్రం పెట్టించి, పక్కన పాలరాతి పలకపై అందరి పేర్లూ చెక్కించాం. రెండో వేసవిలో వెళ్లి చూస్తే కుళాయి ఎండిపోయి ఉంది, పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుంటున్నారు, పలక మాత్రం తళతళలాడుతోంది. విచారిస్తే, ఫిల్టరు మార్చే ఖర్చు ఎవరు భరించాలో మేము ఇచ్చిన రోజున ఎవరూ మాట్లాడుకోలేదని తేలింది. అక్కడి అటెండరు ఒకాయన, ‘ఇచ్చేముందు ఒక్కమాట మమ్మల్ని అడిగి ఉంటే బాగుండేదండీ, మాకు కావలసింది ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు’ అన్నాడు. ఆ మాట నాకు నేటికీ చెవిలో వినిపిస్తుంది.

కాబట్టి సొమ్ము ఖర్చుపెట్టకముందే మీలో ముగ్గురు ప్రిన్సిపాల్ గారిని, లైబ్రేరియన్‌ను, పరీక్షల విభాగం గుమాస్తాను, వీలైతే హాస్టల్ పిల్లలను విడివిడిగా కలిసి మాట్లాడండి. ఎక్కువగా వినిపించే అవసరాలు చిన్నవే: పరీక్ష ఫీజు గడువు, సత్తెనపల్లి, తెనాలి వైపు నుంచి వచ్చే పిల్లల బస్సు పాసు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైనప్పుడు సర్టిఫికెట్లు చేతికి రాక చేజారిపోయే పీజీ సీటు. నెల రోజుల ముందు అందిన రెండు వేల రూపాయలు, గడువు దాటాక అందిన ఇరవై వేల కంటే విలువైనవి.

ఊరి అవసరం తెలుసుకుని ఇవ్వడం ఎలా ఉంటుందో గుంటూరువాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలలో చదివి ఉత్తర అమెరికాలో స్థిరపడిన వైద్యుల సంఘం ‘జింకానా’, తాము పని నేర్చుకున్న ప్రభుత్వ సర్వజనాసుపత్రికే ఏళ్ల తరబడి సాయం చేస్తూ వచ్చింది. 1965లో ఆ కళాశాలలో పట్టా పుచ్చుకున్న డాక్టర్ ఉమా గవిని గారు అక్కడి తల్లీబిడ్డల విభాగం భవనానికి 20 కోట్ల రూపాయలు ప్రకటించినట్టు 2022లో పత్రికలన్నీ రాశాయి. మీ మొత్తంతో దానికి పోలిక లేదు నిజమే, కానీ పద్ధతి అదే. తమకు తెలిసిన సంస్థకే, తమకు తెలిసిన రంగంలోనే వారు ఇచ్చారు.

ఇక లెక్కకు వద్దాం. ఎనిమిది లక్షలు శాశ్వత నిధిగా వేస్తే, ఏడు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 56 వేలు వస్తుంది. పాతికేళ్లలో ధరలు పెరిగి దాని విలువ కరిగిపోతుంది, మీరందరూ అరవై దాటినవారు కనుక ఆ తరువాత దాన్ని చూసుకునే వారసులు ఎవరన్న ప్రశ్నా వస్తుంది. ఏటా లక్షన్నర చొప్పున అయిదారేళ్లలో, మీ కళ్లెదుటే, మీరు పేరుపెట్టి గుర్తుపట్టగల పిల్లలకు ఖర్చు చేసేయడమే మంచిదని నా ఉద్దేశం. ఎంపిక ఒక్కరి చేతిలో ఉంచకండి. అధ్యాపకుడొకరు, మీ బ్యాచ్ నుంచి ఇద్దరు కలిసి నిర్ణయించాలి, ఎంపికైన పిల్లల పేర్లు వేదికపై చదవకూడదు. చెక్కు అందుకుంటున్న పిల్లవాడి ఫోటో పత్రికల్లో వేయించడం నాకు ఏనాడూ నచ్చలేదు.

అమెరికా మిత్రుల విషయంలో జాగ్రత్త అవసరం. వారికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడి ఖాతా నుంచి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవడానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందుకోసం తెరిచిన ఖాతాలోనే మొదట జమ కావాలి. మీ బృందానికి అవేవీ లేవు కనుక, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న విద్యాసంస్థకో ట్రస్టుకో వారు నేరుగా ఇవ్వడం ఉత్తమం. మిత్రుడి వ్యక్తిగత ఖాతాలో వేయించుకుని తరువాత చూద్దామనే ఆలోచన దయచేసి చేయకండి.

మీరే సంఘంగా నమోదు కావాలంటే ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. ఆదాయపు పన్ను మినహాయింపు, వాడుకలో 80జి అనేది, సంఘం రిజిస్ట్రేషన్‌తో దానంతట అదే రాదు, వేరుగా దరఖాస్తు చేసుకోవాలి. అది ఉన్నా రెండు వేలకు మించిన నగదు విరాళానికి మినహాయింపు లేదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికీ ఉండదు. బ్యాంకులో పనిచేసినవారు మీరు, ఖాతాకు ఇద్దరి సంతకాలు ఎందుకు ఉండాలో నేను చెప్పనక్కరలేదు. మూడు నెలలకొకసారి జమాఖర్చుల కాగితం ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, వంద రూపాయలు ఇచ్చినవారికీ లక్ష ఇచ్చినవారికీ ఒకే కాగితం అందాలి.

ప్రశ్న: మేము విజయవాడలో 2016లో ఇంజనీరింగ్ పూర్తిచేశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సహాధ్యాయులం పన్నెండు మందిమి కలిసి సింగ్‌నగర్‌లో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచాం. ఆ తరువాత ఎవరి ఉద్యోగాల్లో వాళ్లం పడిపోయాం. పెద్ద విరాళాలు ఇచ్చే స్తోమత ఇంకా లేదు. ఏటా ఏదైనా చేసే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఉందమ్మా. ఆ రోజుల్లో నడుము లోతు నీళ్లలో మీరు మోసిన పొట్లాలు ఏ విరాళానికీ తీసిపోవు. చూపు లేని విద్యార్థులు పరీక్షలు రాసేటప్పుడు వారు చెప్పింది రాసిపెట్టే లేఖకుల కోసం ఆఖరి నిమిషందాకా వెతుక్కుంటారు. మీ పన్నెండు మంది పేర్లు, ఫోన్ నంబర్లు ఊళ్లోని రెండు మూడు డిగ్రీ కళాశాలల్లో ముందే ఇచ్చి ఉంచండి. లేఖకుల చదువుపై ఒక్కో పరీక్షకు ఒక్కో నిబంధన ఉంటుంది, కనుక ఏ పరీక్షకు మీరు పనికొస్తారో అడిగి తెలుసుకోండి. మీ కళాశాలలో ఆఖరి సంవత్సరం పిల్లలకు నెలకొక శనివారం మాదిరి ఇంటర్వ్యూలు తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి తీసుకువెళుతూ చేయించండి, మొదటి ఇంటర్వ్యూలో గొంతు పెగలని పల్లెటూరి పిల్లలకు అదే పెద్ద సాయం. ఇక వరదలో సర్టిఫికెట్లు తడిసి పాడైపోయిన ఇళ్లు సింగ్‌నగర్‌లో మీరు చూసే ఉంటారు. డూప్లికేటు కోసం ఇంకా తిరుగుతున్నవారు ఎవరైనా మిగిలారేమో, మీరు పొట్లాలు పంచిన ఆ వీధుల్లోనే ఒక ఆదివారం అడిగి చూడండి. వారి దరఖాస్తులు నింపిపెట్టడానికి రెండు గంటల సమయం, ఒక కలం ఉంటే సరిపోతుంది.