మూర్ఛను తగ్గించిన మందునే ఎందుకు మారుస్తున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అమ్మాయికి 23 ఏళ్లు. పదిహేనో ఏట నుంచి ఉదయం లేవగానే చేతులు ఉలిక్కిపడినట్టు కుదిపేవి, చేతిలోని బ్రష్షూ గ్లాసూ జారిపోయేవి. రెండుసార్లు ఒళ్లంతా కొట్టుకుని స్పృహ తప్పింది. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అని చెప్పి సోడియం వాల్ప్రోయేట్ మాత్రలు రాశారు. నాలుగేళ్లుగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నామని చెప్పగానే న్యూరాలజిస్టు ఆ మందు నెమ్మదిగా తీసేసి లెవెటిరాసిటమ్ ఇస్తామంటున్నారు. బాగా పనిచేస్తున్న మందును మార్చడం దేనికి? ఇంతకాలం బాగుంది కనుక అసలు మందే మానేయకూడదా? మగపెళ్లివారికి జబ్బు సంగతి చెప్పవద్దని మా ఆడపడుచు అంటోంది. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ సందేహం సహేతుకమైనదే. ఈ రకం మూర్ఛకు వాల్ప్రోయేట్ చాలా గట్టి మందు. బ్రిటన్‌లో నిర్వహించి 2021లో ఫలితాలు ప్రకటించిన శానాడ్-2 అధ్యయనంలో కూడా, మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే మూర్ఛలను అదుపు చేయడంలో లెవెటిరాసిటమ్ దానికి సాటి రాలేకపోయింది. ఆ సంగతి మీ న్యూరాలజిస్టుకు తెలియక కాదు. ఫిట్స్‌ను ఆపడం ఒక్కటే లెక్క అయితే ఆయన మందు మార్చేవారు కాదు. మీ అమ్మాయి రేపు తల్లి కాబోయే వయసులో ఉంది కనుక ఆ లెక్కలో పుట్టబోయే బిడ్డ కూడా చేరింది.

మామూలుగా పుట్టే వందమంది శిశువుల్లో ఇద్దరికో ముగ్గురికో ఏదో ఒక పెద్ద అవయవ లోపం ఉంటుంది. తల్లి వాల్ప్రోయేట్ వాడుతుండగా గర్భంలో పెరిగిన శిశువుల్లో ఈ సంఖ్య సుమారు పదికి చేరుతుంది, మోతాదు పెరిగేకొద్దీ ఇంకా పెరుగుతుంది. వెన్నెముక సరిగా మూసుకోకపోవడం, గుండెలో లోపాలు, అంగిలి చీలిక వీటిలో ముఖ్యమైనవి. పైకి ఏ లోపమూ కనిపించని బిడ్డల్లో కూడా వందకు 30 నుంచి 40 మందికి మాట, నడక, జ్ఞాపకశక్తి, చదువు వంటి ఎదుగుదల విషయాల్లో ఇబ్బందులు ఎదురుకావచ్చు. ఆటిజం ముప్పు కూడా ఎక్కువే. ఈ ఎదుగుదల ఇబ్బందుల్లో చాలావాటిని గర్భిణికి చేసే స్కానింగ్ పట్టుకోలేదు, అందుకే నాకు ఇవే ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. లెవెటిరాసిటమ్, లామోట్రిజిన్ మందులతో అవయవ లోపాల ముప్పు దాదాపు మామూలు స్థాయిలోనే ఉంటుంది.

గర్భం వచ్చాక మార్చుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. శిశువు వెన్నుపాము ఏర్పడే నాళం గర్భధారణ జరిగిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని గుర్తించి, పరీక్ష చేయించుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లేసరికే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలను ముందు నుంచే వేసుకోవడం మంచిదే, అయితే అవి వాల్ప్రోయేట్ ముప్పును తుడిచివేయలేవు. అందువల్ల మార్పు పెళ్లికి ముందే, తొందర లేని సమయంలో జరగాలి. కొత్త మందును మోతాదు పెంచుతూ నిలబెట్టి, ఆ తర్వాతే పాతదాన్ని వారాలు, నెలల వ్యవధిలో తగ్గిస్తారు. పూర్తిగా మారిన తర్వాత కూడా కొన్ని నెలలపాటు గమనిస్తే కొత్త మందు ఆమెకు సరిపోతోందో లేదో తెలుస్తుంది.

సరిపోకపోవచ్చు కూడా. లెవెటిరాసిటమ్ వాడేవారిలో కొందరికి చిరాకు, కోపం, దిగులు పెరుగుతాయి. అమ్మాయి స్వభావం మారినట్టు కనిపిస్తే పెళ్లి బెంగ అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చెప్పండి. అప్పుడు లామోట్రిజిన్ ఆలోచించవచ్చు, కానీ అది కొందరిలో ఉదయపు కుదుపులను పెంచుతుంది. పైగా వాల్ప్రోయేట్ ఒంట్లో ఉండగా దాన్ని మరీ నెమ్మదిగా పెంచాలి, లేకపోతే ప్రమాదకరమైన చర్మపు దద్దుర్లు రావచ్చు. మరే మందుకూ ఫిట్స్ లొంగని కొద్దిమంది స్త్రీల విషయంలో, అన్నీ వివరించి వారి అంగీకారంతో, వీలైనంత తక్కువ మోతాదులో వాల్ప్రోయేట్ కొనసాగించే సందర్భాలు ఉన్నాయి. గర్భిణికి పెద్ద ఫిట్ రావడం తల్లికీ బిడ్డకూ ముప్పే కనుక ఆ నిర్ణయాన్ని కూడా తప్పు పట్టలేము. ఏ దారిని ఎంచుకున్నా మీ అమ్మాయితో డాక్టరు నేరుగా మాట్లాడాలి. ఆమెకు 23 ఏళ్లు, నిర్ణయం ఆమెది.

మందు పూర్తిగా మానేయడం గురించి: ఈ రకం మూర్ఛ మందుకు బాగా లొంగుతుంది, కానీ మానేస్తే చాలామందిలో తిరగబెడుతుంది. నాలుగేళ్ల ప్రశాంతత మందు వల్ల వచ్చింది కనుక ఇప్పుడు మానడం మంచిది కాదు.

ఇక పెళ్లివారికి చెప్పడం. హిందూ వివాహ చట్టంలో పదేపదే వచ్చే మూర్ఛను ఒకప్పుడు వివాహానికి అడ్డంకిగా పేర్కొన్నారు. 1999 సవరణతో ఆ మాటను తొలగించారు. కాబట్టి చట్టరీత్యా మీ అమ్మాయి పెళ్లికి ఈ జబ్బు అడ్డు కాదు. నా అభిప్రాయంలో చెప్పడమే మంచిది, అందుకు వైద్యపరమైన కారణం కూడా ఉంది. నిద్ర చాలకపోవడం, మాత్ర తప్పడం ఈ మూర్ఛను రెచ్చగొట్టే ప్రధాన కారణాలు. మన పెళ్లిళ్లలో అర్ధరాత్రి, తెల్లవారుజాము ముహూర్తాలు, ముందురోజు నుంచి జాగారం, పైగా ఉపవాసం ఉంటాయి. అత్తవారింట మందు దాచుకుని వేసుకోవలసిన పరిస్థితి వస్తే రెండు పూటలు తప్పడం ఎంతసేపు? జబ్బు సంగతి తెలిసిన ఇంట్లో పగటి ముహూర్తం పెట్టమని అడగవచ్చు, అమ్మాయిని వేళకు పడుకోనివ్వవచ్చు, గర్భం వచ్చినప్పుడు భర్త పక్కన ఉండి మోతాదు మార్పులకు ఆసుపత్రికి తీసుకువెళ్లవచ్చు. గర్భిణుల రక్తంలో లెవెటిరాసిటమ్, లామోట్రిజిన్ స్థాయిలు పడిపోతాయి కనుక మోతాదు పెంచవలసి రావడం మామూలే. సంబంధం ఖాయమయ్యే ముందు అబ్బాయిని కూడా న్యూరాలజిస్టు దగ్గరకు రమ్మనండి. డాక్టరు నోట విన్నప్పుడు సగం భయాలు అక్కడే తీరడం నేను చూశాను.

ఈసారి వెళ్లేటప్పుడు పాత చీటీలు, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) రిపోర్టు, చివరి ఫిట్ వచ్చిన తేదీ తీసుకువెళ్లండి. ఉదయపు కుదుపులు ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తే సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. ఈలోగా వాల్ప్రోయేట్‌ను మీ అంతట మీరు తగ్గించవద్దు, ఒక్క పూట కూడా ఆపవద్దు.