పాత నీటిదారి ఎటు?

ప్రశ్న: ప్లాట్లు వేయబోయే స్థలంలో వాగంటూ ఏదీ కనబడదు. చదును చేసేముందు పాత వాననీటి దారి తెలుసుకునేదెలా?

జవాబు: అర మీటరు ఎత్తు తేడాతో కాంటూరు సర్వే (ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలు గీసే సర్వే) చేయించండి. గీతలు ఎత్తువైపుకు ‘వి’ ఆకారంలో వంగినచోట పల్లం ఉన్నట్టే. పాత వైమానిక చిత్రాలతో సరిచూడండి. దిగువ రోడ్డు కింద తూము ఉందా? నీరు పారనిచోట ఎవరూ ఊరికే తూము కట్టరు. ఎగువ నుంచి వచ్చే నీళ్లూ లెక్కలోకి రావాలి. చాలామంది వదిలేసేది ఇదే.

గంటకు 50 మి.మీ. వానలో, ప్రవాహ గుణకం (పడిన వానలో ఇంకకుండా పారిపోయే వంతు) 0.3 ఉన్న హెక్టారు నేల నుంచి సెకనుకు సుమారు 42 లీటర్లు పారుతుంది. కప్పులూ రోడ్లూ పడి గుణకం 0.8కి చేరితే 111 లీటర్లు. పాత దారిని మట్టితో పూడ్చినా నీరు అడుగున అటే ఊరుతుంది, పైన కట్టిన గోడ కుంగి బీటలివ్వొచ్చు. ఆ పట్టీలో ప్లాట్లు వేయకండి.