చికాగో చరిత్ర, సంస్కృతి: అక్కడ కొన్నేళ్లు ఉన్నవాడి మాట

"చికాగో ఎలాంటి ఊరు? రెండ్రోజులుంటే ఏం చూడాలి?" అని అడిగారు. ఉద్యోగం కోసం వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నా. చికాగో అనగానే మనకు 1893 నాటి వివేకానందుడి ప్రసంగం గుర్తొస్తుంది. అది జరిగిన భవనమే ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, తప్పక చూడండి. నన్నడిగితే మాత్రం చికాగో ముందు కూలీల ఊరు, ఆ తర్వాతే ఏదైనా.

1837లో నగర హోదా వచ్చేనాటికి అదంతా బురదనేల. 1848లో కాలువ, రైలు రెండూ రావడంతో ధాన్యం, కలప, పశువులు అన్నీ అక్కడికే చేరడం మొదలైంది. మురుగు పోయే దారి లేక వీధులు ఎత్తు చేశారు. వాటికి సరిపడా భవనాలను జాకీలు పెట్టి పైకి లేపారు. లోపల జనం ఉండగానే హోటళ్లు లేచాయంటే నమ్మండి! 1871 అగ్నిప్రమాదంలో సుమారు 300 మంది చనిపోయారు, లక్షమంది వీధిన పడ్డారు. నింద ఓలియరీ అనే ఐరిష్ ఆవిడ ఆవు మీద పడింది. 1997లో గానీ నగర కౌన్సిల్ ఆవిడనీ ఆవునీ నిర్దోషులుగా తేల్చలేదు. ఆ బూడిద మీదే 1885లో పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. తొలి ఆకాశహర్మ్యం అదే అంటారు. తాగునీటి సరస్సులోకి మురుగు పోతోందని 1900లో నదినే వెనక్కి తిప్పారు. ఆ మురుగు మాకొస్తోందని మిస్సోరీ రాష్ట్రం కోర్టుకెక్కింది.

మనూళ్లలో మే 1న ఎర్రజెండా ఎగరేస్తారు కదా, దాని మూలం ఇక్కడే. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886 మేలో సమ్మె జరిగింది. 4న హేమార్కెట్ అనే కూడలిలో జరిగిన సభలో ఎవరో బాంబు విసిరారు. విసిరిందెవరో తేలకుండానే మరుసటేడు నలుగురిని ఉరితీశారు. అమెరికాలో మాత్రం కార్మిక దినం సెప్టెంబరులో! డెస్‌ప్లెయిన్స్ వీధిలో చిన్న స్మారకం ఉంది, పెద్దగా ఎవరూ ఆగి చూడరు.

దక్షిణాది పత్తిచేల నుంచి వచ్చిన నల్లజాతివాళ్లు బ్లూస్ అనే సంగీతం తెచ్చారు. 1943లో మిసిసిపీ నుంచి వచ్చిన గాయకుడు మడ్డీ వాటర్స్‌కు ఇక్కడి బార్ల గోలలో మామూలు గిటార్ వినపడక కరెంటు గిటార్ పట్టాల్సి వచ్చింది. ఊరు వాళ్లను బాగా చూసుకుందని చెప్పలేను. 1919 జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. ఇప్పటికీ రెడ్‌లైన్ రైలెక్కి దక్షిణానికి వెళ్తుంటే, లూప్ (ఊరి నడిబొడ్డు) దాటాక పెట్టెలో తెల్లమొహాలు ఒక్కొక్కటే దిగిపోతాయి.

సరదా సంగతొకటి. మంచు పడ్డాక పారతో తవ్వి కారుకు జాగా చేసుకున్నవాళ్లు, అది పోకుండా అక్కడో పాతకుర్చీ పెట్టి వెళ్తారు. దీన్ని "డిబ్స్" అంటారు. మా వీధిలో ఒకాయన ఇస్త్రీ బల్ల పెట్టేవాడు. చట్టం ఒప్పుకోదు గానీ, ఆ బల్ల జరిపే ధైర్యం నాకైతే లేదు.

తిండికి డీప్‌డిష్ పిజ్జా (లోతైన పళ్లెంలో కాల్చే మందపాటిది) ఒక్కసారి చాలు. బీఫ్ తినేవాళ్లైతే ఇటాలియన్ బీఫ్ శాండ్‌విచ్ వదలొద్దు. ఇడ్లీ, దోసె కావాలంటే డెవాన్ అవెన్యూ. సియర్స్ టవర్ ఎక్కితే ఎక్కండి (ఇప్పటి పేరు విల్లిస్ టవర్; దాని నిర్మాణ ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్), కానీ ఒక్కదానికే టికెట్ డబ్బులుంటే నదిలో భవనాలు చూపించే పడవ ఎక్కండి. జనవరిలో మాత్రం వెళ్లకండి.